చెయ్యి కడిగిన నీళ్లు

జగ్గరాజు భీమవరం పక్కన కాలువ గట్టున పెరిగినవాడు. గోదావరి మీద ఆనకట్ట లేచిన నలభై ఏళ్లకు, ఓ నడివేసవిలో, ఇద్దరు స్నేహితులతో గుర్రాల మీద మన్యం కొండలు చూడబోయాడు. ముగ్గురూ పూతరేకులు, అన్నం, నెయ్యి, ఆవకాయ కట్టుకున్నారు గానీ గుర్రాలకు నీళ్లు కావాలని ఎవరికీ తోచలేదు. అడుగడుక్కీ కాలువలున్న ఊళ్లవాళ్లు మరి.

పోలవరం దగ్గర వేసవికి సన్నబడ్డ గోదావరి ఇసుకలో పడిలేస్తూ దాటి కొండెక్కితే, వాగుల్లో చుక్క లేదు. జగ్గరాజు గుర్రం నురగలు కక్కుతూ కూలబడింది. మిగిలింది ఒక్క మరచెంబుడు నీళ్లు.

స్నేహితుల్లో ఒకడు, అప్పుడే భోంచేసిన శ్రీరామరాజు ఆ చెంబు వంచి, నేతి జిడ్డు తోముకుంటూ చెయ్యి కడుగుతున్నాడు.

“బావగారూ, ఆపండి! అది చచ్చిపోతోందండీ!” అని అరిచాడు జగ్గరాజు.

“గుర్రమే కదండీ, ఇంకోటి కొనుక్కుందురు. ఎంగిలి చేత్తో కళ్లెం పట్టమంటారా ఏంటి?” అన్నాడు శ్రీరామరాజు.

రెండో స్నేహితుడు తిమ్మరాజు పకపకా నవ్వి, పుక్కిలించడానికి తనూ దోసిలి పట్టాడు.

కింద పడ్డ నీళ్లలో మెతుకులు తేలాయి. గుర్రం మెడ చాచి ఆ ఎంగిలి బురద నాకింది. జగ్గరాజు చెంబు లాక్కుని, అడుగున ఉన్నదంతా దాని నోట్లో పోశాడు. ఎండ వాలాక అది లేచింది. జగ్గరాజు దాని కళ్లెం పట్టుకుని, వెనక్కి చూడకుండా కాలినడకన కొండ దిగాడు.

గుర్రం బతికింది. ఆ మరుసటేడు శ్రీరామరాజు ఇంట పెళ్లికి వెళ్లాడు గానీ, పంక్తిలో అతని పక్కన కూర్చుంటే జగ్గరాజుకు ముద్ద దిగలేదు.