ఆలుగడ్డ తప్పన్న ఫోను

మా మామ పోయిన సంగతి నాకు మొయినాబాద్‌లో తెలిసింది. కాలేజీ ల్యాబులో పిల్లల రికార్డులు దిద్దుతుంటే మా ఆయన ఫోను చేశాడు. "ఇంటికి రా," అన్నాడు. ఏమైందంటే, "జర తొందరగ రా," అన్నాడు. ఆ గొంతు విన్నాక ఇంకేం అడగబుద్ధి కాలేదు. చేవెళ్ల దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ముడిమ్యాలలో మా వాకిట్లోకి వచ్చేసరికి కుర్చీలు వేసి ఉన్నాయి, మామను బయట పడుకోబెట్టి ఉన్నారు. నోరు తెరుచుకోకుండా గడ్డం కింది నుంచి తల మీదికి తెల్లగుడ్డ కట్టారు. ఆ నోరు తెరిపించడానికి ఇన్నాళ్ళు నేను పడ్డ తిప్పలన్నీ ఆ ముడి చూడగానే గుర్తొచ్చాయి. ఎవరో నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు.

మామ అంటే మా ఆయన తండ్రి. ఆయన గొంతు చేవెళ్ల కూరగాయల మార్కెట్ అంతటికీ తెలుసు. ఇంటి చెలకలో సాగు చూసుకుంటూనే ఒక సేటు దుకాణం ముందు హర్రాజు పాడేవారు. రైతులు దింపిన టమాట డబ్బాల ముందు నిలబడి, కొనేవాళ్ళ చేత ధర పెంచించి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పాట కొట్టేయడం ఆయన పని. మైకు లేకుండానే రోడ్డు దాకా వినబడేది. అంత గొంతు పెట్టుకుని ఇంట్లో మాత్రం నాతో నేరుగా మాట్లాడేవారు కారు. మామా కోడలూ ఎదురెదురుగా నిలబడి ముచ్చట పెట్టుకోవడం మా ఇళ్ళల్లో లేదు. నేను గడపలోనే నిలబడి ఉన్నా అత్తమ్మతో చెప్పేవారు. "కోడలికి చెప్పు, వాన వచ్చేటట్టున్నది, ఛత్రి పట్టుకపొమ్మను." అత్తమ్మ నా వైపు తిరిగి, "ఇన్నవు గద," అనేది. అదే మా ఇద్దరి మాటామంతీ.

రెండోసారి అన్నాక ఆయన ఆగే తీరు ఒకటుండేది. మిగతావాళ్ళు మూడూ ఒక్క ఊపులో పాడేస్తారు. మామ ఆగి, సరుకు తెచ్చిన రైతు మొహం చూసేవారు. ఆ మొహంలో ఏం కనబడేదో, ఒక్కోసారి పాట మళ్ళీ మొదటికి తెచ్చేవారు. కొనేవాళ్ళు విసుక్కునేవారు, సేటు గొణిగేవాడు. "మూడోసారి అన్నంక వాని చేతుల ఏం లేదు. అనేముందు మొహం జూడాలె గదనే," అని అత్తమ్మతో అంటుంటే వంటింట్లోంచి విన్నాను. ఎదుటి మనిషి మొహం చూసి ఆగడం నాకు ఆయన దగ్గరే అబ్బింది. క్లాసులో జవాబు రాక నిలబడ్డ పిల్లల్ని ఇప్పుడు నేను తొందరపెట్టను.

ఒక పొద్దున మార్కెట్లోనే, పాట మధ్యలో, మూతి వంకరపోయి కూలబడ్డారు. దవాఖాన నుంచి వచ్చాక కాలు ఈడ్చుకుంటూ నడిచారు, చెయ్యి కొద్దికొద్దిగా పనిచేసింది, మాట మాత్రం రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు చెవుడున్న మనిషితో మాట్లాడినట్టు అరిచేవారు. "నన్ను గుర్తువట్టినవా పటేలా?" ఆయన గుర్తుపట్టేవారు. పేరు నాలుక కొస దాకా వచ్చి ఆగిపోయేది. అప్పుడు వాళ్ళు నా వైపు తిరిగి, ఆయన ముందే, "దిమాఖు పనిచేస్తలేదా బిడ్డా?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. కానీ పనిచేస్తోందో లేదో అప్పటికి నాకూ తెలియదు.

దిమాఖుకేం కాలేదని చెప్పింది ఫోన్లో కనబడే ఒక అమ్మాయి. మామను మెహిదీపట్నం దాకా బస్సులో తిప్పలేక, వీడియో కాల్‌లో చూసే స్పీచ్ థెరపిస్టును వెతికి పట్టుకున్నాను. "దీన్ని అఫేజియా అంటారు మేడం. తాతగారికి అన్నీ తెలుసు. మాట లోపలే ఉంది, బయటికొచ్చే దారి దెబ్బతింది," అంది. బాగా అలవాటైన మాటలు, వరసగా లెక్కపెట్టేవి, పాటలు ఒక్కోసారి మిగులుతాయట. ఆయనకు ఏమైనా మిగిలాయా అని అడిగింది.

మిగిలాయి. ఒకటోసారి, రెండోసారి. టీ కావాలన్నా అదే, ఫ్యాను వేయాలన్నా అదే. మొదటిదానికి మేం పలక్కపోతే రెండోది వచ్చేది. "వస్తున్న, ఇంట్ల గూడ హర్రాజేనా," అని అత్తమ్మ దెప్పేది. మామ సగం మూతితో నవ్వేవారు. వరస పూర్తి చేయించమని, మూడోసారి అనిపించమని థెరపిస్టు చాలా పాటుపడింది. ఆయన రెండు దాకా వచ్చి, ఆగి, ఎదురుగా ఉన్నవాళ్ళ మొహం చూసేవారు. ఇక అంతే.

వీడియో కాల్ వారానికోసారి, అదీ నెట్‌వర్క్ ఉంటే. మిగతా రోజులు సాధన చేయించేది నేనే. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఫోను పట్టుకుని మంచం పక్కన కుర్చీ వేసుకునేదాన్ని. మొదట్లో ఇద్దరికీ సిగ్గే. ఆయన కప్పు వైపు చూసేవారు, నేను ఫోను వైపు చూసేదాన్ని. మెల్లగా అలవాటైంది. మాట ఉన్నన్నాళ్ళు నా వైపు చూడని మనిషి, మాట పోయాక నా మొహంలోకి చూసి మాట్లాడారు. నా అదృష్టం అనుకుంటే అదృష్టమే, ఇంకోటి అనుకుంటే ఇంకోటి.

నెట్‌లో ఇంగ్లీషులో కావలసినంత ఉంది. నోటి వ్యాయామాల వీడియోలు, బొమ్మల కార్డులు, ఇంటివాళ్ళు ఎట్లా మాట్లాడాలో చెప్పే పేజీలు. మనిషికి తన ఇంటి భాషలోనే సాధన చేయించాలని ప్రతి పేజీ చెబుతుంది, ఇంగ్లీషులో. ఆ బొమ్మలేమో మంచుతో చేసిన మనిషి, బ్రెడ్డు కాల్చే మిషను, పొగగొట్టం ఉన్న ఇల్లు. మామ వాటిని చూసి, నన్ను చూసి, ఇదేం తల్లీ అన్నట్టు కనుబొమలు ఎగరేసేవారు. వాటి పేర్లు నేను తెలుగులో చెప్పబోయి నేనే తడబడేదాన్ని.

చివరికి తెలుగులో ఒక యాప్ దొరికింది. బొమ్మ కనబడుతుంది, పేరు చెప్పాలి, అది విని తప్పో ఒప్పో చెబుతుంది. అందులో కూరగాయలు ఉన్నాయని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మామ దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నారు. టమాటకు పెదవులు కదిలాయి, మాట రాలేదు. వంకాయకూ రాలేదు. తర్వాతి బొమ్మను చాలాసేపు చూశారు. మెడ నరాలు ఉబ్బాయి. "ఆ," అన్నారు. అత్తమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చి నిలబడింది. "ఆలు... గడ్డ."

జబ్బు చేసిన తర్వాత ఆయన నోటి నుంచి కొత్తగా వచ్చిన మొదటి మాట అది. నేను సంతోషపడేలోపే ఫోను మాట్లాడింది.

"అయ్యో, తప్పు. ఇది బంగాళాదుంప. మళ్ళీ ప్రయత్నించండి."

చాలా మర్యాదగానే అంది. బంగాళాదుంప అనే మాట నోరు బాగున్న మేమే మా ఇంట్లో ఎన్నడూ అనం. చేవెళ్ల మార్కెట్లో నిలబడి బంగాళాదుంపలు ఎంత అని అడిగితే మనల్ని వింతగా చూస్తారు. "కరెక్టే చెప్పిన్రు మామా, ఫోనుకే తెల్వది," అన్నాను. "దానికేం ఎరుక, దాని మొహం మండ," అంది అత్తమ్మ. మామ మా మాట వినలేదు. ఎన్నడూ సరుకు పేరు తప్పు పిలవని మనిషి ఫోను వైపు చూశారు, నా వైపు చూశారు, మొహం గోడకు తిప్పుకున్నారు. ఆ మాట మళ్ళీ రాలేదు. ఇంకే కొత్త మాటా రాలేదు.

యాప్ వాళ్ళకు రాశాను. మా దిక్కు దాన్ని ఆలుగడ్డ అంటారు, ఉల్లిపాయను ఉల్లిగడ్డ అంటారు, రెండూ ఒప్పే అని పెట్టండి అని. మీ అభిప్రాయం మాకు విలువైనదని ఇంగ్లీషులో జవాబొచ్చింది, మనిషి రాసింది కాదు. థెరపిస్టు చాలా నొచ్చుకుంది. "మీ ఊరి మాటలతో మా దగ్గర కూడా ఏమీ లేవు మేడం. మీరే ఏదైనా తయారుచేసుకోండి," అంది. సరే అని నిజం కూరగాయలే చాటలో పోసి మామ ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తూకం చూసినట్టు ఎత్తి, పుచ్చు వంకాయను ఏరి అవతల పడేసేవారు. ఆలుగడ్డను మాత్రం ముట్టేవారు కారు. "ఒక్కపారి అనుండ్రి మామా. ఇక్కడ ఫోను లేదు, నేనొక్కదాన్నే ఉన్న," అని బతిమాలేదాన్ని. ఫికర్ చెయ్యకు అన్నట్టు చెయ్యి ఆడించేవారు. ఓదార్చాల్సింది నేనైతే ఓదార్చింది ఆయన.

పోయిన రోజు పొద్దున నేను బ్యాగు వేసుకుని బయల్దేరుతుంటే, "ఒకటోసారి," అన్నారు. నీళ్ళిచ్చాను, పక్కకు జరిపారు. ఫ్యాను తగ్గించాను, అది కాదు. కిటికీ తెరిచాను, కాదు. దుప్పటి కాదు, దిండు కాదు. "నొప్పిగిట్ల లేస్తున్నదా?" తల అడ్డంగా ఊపారు. "అత్తమ్మను పిలవాల్నా?" అదీ కాదు. "రెండోసారి," అన్నారు, ఆగి, నా మొహం చూశారు. నేనూ ఆయన మొహం చూస్తూ నిలబడిపోయాను. "ఏం గావాలె మామా, నాకు సమజైతలేదు," అంటే ఏడుపొచ్చింది. ఆయన కాసేపు చూసి, పో బిడ్డా అన్నట్టు తలుపు వైపు చెయ్యి ఊపారు. నా బస్సు టైము ఆయనకు ఎప్పుడూ గుర్తే.

ఏం అడిగారో ఇప్పటికీ తెలియదు. అత్తమ్మను అడిగాను. "నన్నడుగుతవేంది బిడ్డా, ఆయన మాట నీకే తెలుస్తుండె గద," అంది.

దినాలన్నీ అయిపోయాక మామ మంచాన్ని గోడకు నిలబెట్టారు. నా కుర్చీ అక్కడే ఉంది. కూర్చుని యాప్ తెరిచి, ఆ బొమ్మ వచ్చేదాకా జరిపాను.

"ఆలుగడ్డ," అన్నాను.

"అయ్యో, తప్పు. ఇది బంగాళాదుంప. మళ్ళీ ప్రయత్నించండి."

"ఆలుగడ్డ," అన్నాను మళ్ళీ, మార్కెట్ అంతా వినబడేటంత గట్టిగా. వాకిట్లో అత్తమ్మ ఊడవడం ఆపింది.

"అయ్యో, తప్పు."

మూడోసారి అనబోయి ఆగాను. తెర మీద మైకు గుర్తు నా మాట కోసం మిణుకుమిణుకుమంటూనే ఉంది.