అరిగిన పళ్లచక్రం

హైటెక్ సిటీ భవనం కొత్తగా లేచిన రోజులవి. కొండాపూర్‌లో బస్సెక్కి బాలానగర్ వెళ్తున్నాను. పక్క సీటులో యాభై ఏళ్ల మనిషి ఒళ్లో గుడ్డమూట పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు కుదుపుకి మూట ఊడిపోయింది. లోపల సైకిల్ చైను, పళ్లచక్రం ఉన్నాయి. చక్రం పళ్లు ముళ్లలా సన్నగా అరిగి, ఒకవైపుకి వంగిపోయాయి.

"ఇంతలా ఎలా అరిగిందండీ?" అన్నాను.

"నా బిడ్డకు నడవరాదు సార్. పదేండ్లు సైకిల్ ఎనక కూసోబెట్టుకొని బడికి తీస్కపోయిన. ఇగ కాలేజీ. చైను జారుతుందని నిన్న అన్నీ కొత్తయి ఏయించిన."

"మరి ఈ పాతవి?"

"పాత ఇనుము కొట్టుల పడేస్త. ఇంటికాడుంటే బిడ్డ చూస్తది. 'నువ్వు బరువే లేవు' అని దానికి ఇన్నేండ్లు చెప్పిన. ఇది చూస్తే ఇగ సైకిలెక్కదు, చదువు ఇడిసిపెడ్తది."

మూట మళ్లీ కట్టేందుకు ఒక కొస పట్టుకున్నాను.

బాలానగర్‌లో ఇద్దరం దిగాం. ఆయన కొట్టు ముందున్న కుప్పలో మూట పడేసి, పక్కనున్న కుళాయి దగ్గర మట్టితో చేతులు రుద్ది కడుక్కున్నాడు. గోళ్ల సందుల్లో నలుపు పోయిందా అని ఎండలోకి చాచి చూసుకుని, మళ్లీ కడుక్కున్నాడు.