డాన్స్ హాలు చరిత్ర

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఇల్లు దొరక్క, బస్సులో అరగంట దూరంలో ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చి నాలుగేళ్ళయింది. ఒక చర్చి, దాని కింద వాగు, వాగు ఒడ్డున ఎప్పుడో ఆగిపోయిన పిండిమర, మధ్యలో మూతబడ్డ సత్రం, దాని వెనక పెద్ద డాన్స్ హాలు. ఊరంటే అంతే. నిరుడు ఊరి చరిత్ర సంఘం వాళ్ళు ఈ కట్టడాల ముందు బోర్డులు పెట్టాలనుకున్నారు. సంఘం అధ్యక్షుడు రిటైరైన బడిపంతులు. నేను సాఫ్ట్‌వేర్ మనిషినని తెలిసి, బోర్డు మీది కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే ఇంగ్లీషు పేజీలు చేసిపెట్టమన్నాడు. ఈ ఊళ్ళో ఒకరు నన్ను సాయం అడగడం అదే మొదటిసారి. సంబరపడి ఒప్పుకున్నాను.

వాళ్ళిచ్చిన కాగితాల్లో కొన్ని పాత జర్మన్ మాటలు అర్థం కాక పక్కింటి పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. చర్చి గురించి, మర గురించి నవ్వుతూ విడమరిచి చెప్పింది. డాన్స్ హాలు కాగితం దగ్గర ఆగిపోయింది. పెళ్ళి విందులతో, బ్యాండు మేళాలతో తరతరాలుగా ఊరిని ఆడించిన హాలు అని రాసి ఉంది అందులో.

"ఇంతేనా రాసింది?" అంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక తూర్పు ప్రాంతాల్లోని జర్మన్లను తరిమేస్తే, తల్లి ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని ఇక్కడికి చేరిందట. ఈవిడకు ఆరేళ్ళు, చెల్లెలికి రెండు. వాళ్ళలాంటి కుటుంబాలన్నిటినీ ఆ హాల్లోనే పెట్టారు. కింద గడ్డి. తాళ్ళ మీద దుప్పట్లు వేలాడదీస్తే అవే గోడలు. అందరికీ కలిపి ఒక్కటే పొయ్యి. మొదటి చలికాలంలోనే చెల్లెలికి జ్వరం వచ్చింది.

"ఊళ్ళో ఆవులున్నాయి, పాలున్నాయి. మా అమ్మ గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తలుపులు తీయలేదు. బ్యాండువాళ్ళు కూర్చునే అరుగు పక్కనే పోయింది పిల్ల."

ఇది బోర్డు మీద ఉండాలి, వాళ్ళకు చెప్పనా అని అడిగాను. కాగితం నా వైపు జరిపింది.

"చెప్పు. దాని పేరు కూడా రాయమను."

సంఘం అధ్యక్షుడు మొదట ఆధారం అడిగాడు. చర్చి ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని, ఖననాల రిజిస్టరు తిరగేయించాను. ఉంది. పిల్ల పేరు, వయసు, నివాసం: సత్రం హాలు. నకలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పాపం. కానీ ఆదివారం పిల్లలతో నడకకు వచ్చేవాళ్ళకు ఇదెందుకు? ఆ రోజు తలుపు తీయనివాళ్ళలో మా అమ్మ కూడా ఉందేమో. ఇప్పుడు ఆవిడను బోనెక్కించమంటారా? మీరు కొత్తవాళ్ళు. ఇక్కడి సంగతులు మీకు అర్థం కావు."

ఒళ్ళు మండిపోయింది. ఈ దేశంలో అడుగుపెట్టినప్పటి నుంచి ఇక్కడి చరిత్ర తెలుసుకోండి, మాలో కలవండి అని చెప్తూనే ఉన్నారు. తెలుసుకుంటే అర్థం కాదంటారు. నేను నాలుగేళ్ళ కొత్తదాన్ని, సరే. డెబ్భై ఏళ్ళకు పైగా ఇక్కడే బతికి, ఇక్కడి మేజోళ్ళ మిల్లులో వేళ్ళు అరగదీసుకున్న ఆ మనిషి ఎప్పటికి పాతదవుతుంది?

ఇంట్లో చెప్తే మా ఆయన తల పట్టుకున్నాడు.

"నీకెందుకే ఈ పంచాయితీ? సిటిజెన్‌షిప్ అప్లికేషన్ ఇంక పెండింగ్‌లనే ఉన్నది. ఇప్పుడు ఊరోళ్ళతోని లొల్లి అవసరమా?"

"లొల్లి కాదు. వాళ్ళు రాసింది సగమే అంటున్నా."

"అన్నవ్ కదా. ఇగ ఇడిశిపెట్టు."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

బోర్డులు ఆవిష్కరించిన రోజు హాలు ముందు బెంచీలు వేశారు. బీరు, సాసేజిలు, బ్యాండు. మన భారతీయ మిత్రురాలు రెండు మాటలు చెప్తారంటూ అధ్యక్షుడు నా చేతికి మైకు ఇచ్చాడు. కృతజ్ఞతలు రాసుకెళ్ళాను గానీ ఆ కాగితం మడిచేసి, రిజిస్టరు నకలు తీసి చదివాను. కోపానికి నా జర్మన్ ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. ఆయన మైకు కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు.

అప్పుడు ముందు వరుసలోంచి పెద్దావిడ కర్ర ఊతంగా లేచింది.

"అది నా చెల్లెలు," అంది. పేరు గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పింది. "పాలు అడిగితే ఇవ్వలేదు మీవాళ్ళు."

ఎవరో సైగ చేసినట్టున్నారు, బ్యాండు మొదలైంది. కొందరు గ్లాసులు అక్కడే వదిలి వెళ్ళిపోయారు. నాకు పరిచయం లేని ఒకామె మాత్రం వచ్చి, పెద్దావిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది.

బోర్డు మార్చలేదు. ఇంగ్లీషు పేజీలో నేను మొత్తం రాశాను. నెల తిరక్కుండా సంఘం వాళ్ళు పేజీ పాస్‌వర్డ్ మార్చి ఆ పేరా తీసేశారు. అధ్యక్షుడు బస్‌స్టాపులో కనబడితే ముఖం తిప్పుకుంటాడు. నేను తిప్పుకోను, సూటిగా చూస్తాను.

నవంబరులో, పోయినవాళ్ళను తలచుకునే ఆదివారం నాడు, పాస్టరమ్మ ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్ల చివర ఆ పసిపిల్ల పేరు కూడా చదివింది. పెద్దావిడ నా పక్కనే కూర్చుని ఉంది. బయటికి వచ్చాక ఇది చాలంది నాతో.

నాకు చాలలేదు. బోర్డు మార్చమని, రిజిస్టరు నకలు జతచేసి మునిసిపాలిటీకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. మొన్న రెండోది పంపాను.