విప్పిన ముళ్ళు

బడి వంటగదిలో గిన్నెలు తోమే ఆమెను అందరూ గిన్నెలక్క అంటారు. ఆమె చేతిలో పడితే చెత్త కూడా ఊరికి బయల్దేరినట్టు ముస్తాబవుతుందని వంటాయన వేళాకోళం. కూర తొక్కలూ పళ్ళాల్లో మిగిలిన మెతుకులూ కవర్లో పోసి, నీరు కారకుండా పైన ఇంకో కవరు తొడిగి, మూతికి గట్టిగా ముళ్ళు వేసేది.

ఆ అలవాటు ఇంట్లో పుట్టింది. ఆమె భర్త చెత్త బండిలో పనిచేసేవాడు. కుళ్ళు నీళ్ళలో నాని వేళ్ళ సందుల్లో పుళ్ళు పడేవి. ఆమె నూనె రాస్తుంటే, "ఒక్క ఇల్లాలు మూటకట్టి ఇచ్చినా దణ్ణం పెడతానే" అనేవాడు. ఆయన పోయాడు. ఆమె వేళ్ళు మాత్రం ముడి మానలేదు.

ఇంతలో కొత్త రూలు వచ్చింది. హోటళ్ళైనా, ఆఫీసులైనా, బడులైనా తిండి చెత్తను ఆకుపచ్చ డబ్బాలో విడిగా వేయాలి. అది ఎరువవుతుంది గనక ప్లాస్టిక్ కలవకూడదని పెద్ద మేడమ్ బడి పనివాళ్ళందరినీ నిలబెట్టి చెప్పింది. గిన్నెలక్క తలూపింది. తిండి చెత్తే ఏరి, ఎప్పటిలాగే మూటకట్టి డబ్బాలో పెట్టింది. కవరు చెత్త కాదుగా, చెత్తకి కట్టిన బట్ట అనుకుంది.

బండివాళ్ళు మూత తీసి, కవర్లు చూసి, డబ్బాను గేటు దగ్గరే వదిలేసి పోయారు. మర్నాడూ అంతే. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. ఇంకోసారి ఇలా అయితే వంటగది మూసేసి భోజనం బయటినుంచి తెప్పిస్తానని పెద్ద మేడమ్ తేల్చేసింది.

"నీ ముళ్ళు మన నోటికాడ కూడు లాగేస్తాయి అక్కా," అన్నాడు వంటాయన. ఈసారి వేళాకోళం లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. బండి రాగానే డ్రైవర్ని అడిగింది.

"విప్పి పోస్తే మీ చేతులేం కావాలి బాబూ?"

"చేతులెవరు పెడతారమ్మా ఇప్పుడు? బండే ఎత్తుకుంటుంది, బండే దులుపుకుంటుంది."

పక్క హోటల్ డబ్బాను ఎత్తి చూపించాడు. ఇనప చేతులు దాన్ని చంటిపిల్లలా పైకెత్తి, బోర్లించి, దించాయి. ఆమె డబ్బాను చూడలేదు. అతని వేళ్ళనే చూసింది. పొడిగా, శుభ్రంగా ఉన్నాయి.

అక్కడే చతికిలబడి మూటలు విప్పడం మొదలుపెట్టింది. కత్తితో కోసెయ్యమని వెనకే వచ్చిన వంటాయన అన్నా కొయ్యలేదు. ఒక్కో ముడినీ గోళ్ళతోనే వదులు చేసి, డబ్బాలో పోసింది. డ్రైవర్ గొణుక్కుంటూనే ఆగాడు.

వంటగది నిలిచింది. ఇప్పుడు చెత్త డబ్బాలోకి నేరుగా పడుతోంది. పనయ్యాక ఆమె కాసేపు కూర్చుని, చేతులు తుడుచుకునే తువ్వాలు కొసకు ముడి వేస్తుంది, విప్పుతుంది.