బాగున్నాడని రాసిన నెలలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు నేను డుంబ్రిగుడ మండలంలో మూడు కొండ ఊళ్ళకు ఆశ కార్యకర్తను. చదివింది ఐదో తరగతి. మానసిక రోగులకు నెల మాత్రలు ఇంటికి తీసుకెళ్ళి, మనిషిని కళ్ళతో చూసి, ఎలా ఉన్నాడో కార్డులో రాసి డాక్టరుగారికి చూపించాలి.

ఆ రోగుల్లో బుద్రు ఒకడు, అతనిది స్కిజోఫ్రీనియా. ఎవరో తిడుతున్నట్టు వినిపించి చెట్లతో పోట్లాడేవాడు. మాత్రలతో ఆ గొంతులు ఆగాయి. వాళ్ళ ఇంటికి గంటన్నర కొండ ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి సాకు పెట్టి, సంతలో అల్లం అమ్ముకునే వాళ్ళమ్మ చేతికే మాత్రలిచ్చేదాన్ని.

“ఏటొదినా, ఎలగున్నాడు?”

“నెమ్మదిగున్నాడొదినా. గొడవ నేదు.”

జ్వరం తగ్గినా మేము నెమ్మదనే అంటాం. కార్డులో ‘బాగున్నాడు’ అని రాశాను. అలా ఎనిమిది నెలలు. అది చూసి డాక్టరుగారు అవే మాత్రలు కొనసాగించారు.

ఒక సంతరోజు బుద్రు భార్య జమున నా సంచి పట్టుకుని ఆపింది.

“బాగున్నాడని కార్డులో రాత్తన్నావంట, ఏటి బాగున్నాడు పిన్నీ? కూకోబెడితే కూకుంటాడు. పాప పడి ఏడిసినా లెగడు. గోడ మీద బల్లయినా పలుకుద్ది. కాఫీ కోత అయ్యేదాకా సూత్తాను. తరవాత మా అమ్మోలింటికి ఎల్లిపోతాను.”

మర్నాడే కొండెక్కాను. మాసిన బట్టల్లో గోడకు ఆనుకుని ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే చూశాడు, చూపు తిప్పుకున్నాడు. తల్లి చెప్పిన నెమ్మది ఇది.

డాక్టరుగారికి జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. గొంతులు వినిపించడం జబ్బులో ఒక సగమట. మాట, ఇష్టం, పూనిక ఇంకిపోవడం రెండో సగం. దాని మీద మొదటి మాత్ర అంతగా పనిచేయదు. అందుకని పాతది ఆపకుండా, దానికి తోడుగా ఇంకో మాత్ర రాశారు. అందరికీ పనిచేయదనీ, చేసినా కొద్దిగానేననీ, వారాలు పడుతుందనీ ముందే చెప్పారు.

ప్రతివారం ఎక్కాను. కాఫీ కోత అయిపోయింది. జమున పాపను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు బుద్రు తనంతట తానే స్నానం చేశాడు. నన్ను చూసి అడిగాడు.

“పాపేదీ?”

వాళ్ళమ్మ నా ముఖం వంక చూసింది. అప్పటికే జమున మారుమనువు వెళ్ళింది.

ఆ మాత్ర ముందే మొదలైతే పనిచేసేదో లేదో, జమున ఆగేదో లేదో నాకు తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే. ఆ తర్వాత పనిలో ఉన్నన్నాళ్ళూ రోగిని చూడకుండా, ఏం తిన్నాడు, ఎవరితో మాట్లాడాడు, ఏ పని చేశాడు అని అడగకుండా కార్డు మీద కలం పెట్టలేదు.