దంచని ఉలవలు

పదేళ్లుగా ఒక మాట నా మీద బరువుగా ఉంది. చిన్న మాట. అబద్ధం కూడా కాదు. అక్షరాలా నిజం చెప్పి నేనొక మంచి మనిషిని దొంగను చేశాను. ప్రతి ఆదివారం ప్రార్థనలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకున్నాను. ఆ ‘అందరి’ వెనుక దీన్ని దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడం వల్లనే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది మెట్‌పల్లి. మా బాపు టాంగా నడిపేవారు. మా వంశంలో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదట. నన్ను అక్కడిదాకా లాక్కెళ్లింది మోతీ అనే ఆడగుర్రం. అలంకారం కోసం ఇలా రాయడం లేదు. బస్సు దిగినవారిని ఊళ్లోకి, అంగడి సరుకును పల్లెలకు అది లాగితేనే నాకు పుస్తకాలు వచ్చాయి. నాకు అక్షరాలు వచ్చేనాటికే అది బండికి అలవాటైన గుర్రం. నేను బి.ఏ. చివరి సంవత్సరానికి వచ్చేసరికి దానికి ఇరవై దాటాయి. ఆ వయసు గుర్రాలు సాధారణంగా డొక్కలు పీక్కుపోయి, నడుము వంగి, కళ్ల పైన గుంటలు పడి కనిపిస్తాయి. మోతీ అలా ఉండేది కాదు. కొత్తవాళ్లు దాన్ని పదేళ్ల గుర్రమనుకునేవారు. బాపు అప్పుడు మీసం సర్దుకునేవారు.

దాని వెనుక ఆయన పడే శ్రమ నాకు తెలుసు. ముసలి గుర్రానికి మేత వేస్తే చాలదు, అది నమలగలిగేటట్టు వేయాలన్నది ఆయన పద్ధతి. ఉలవలు ముందురోజు నానబెట్టాలి. తెల్లవారి సన్నని మంట మీద ఉడికించాలి. ఉడికినవాటిని వాకిట్లోని రాతిరోటిలో వేసి, వేళ్ల మధ్య ఒక్క గింజ కూడా తగలకుండా దంచాలి. అందులో తవుడు, చిన్న బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు. గడ్డిని వేలెడు పొడవున కోయాలి. ఆ తరువాత ఆయన అరచేతిని దాని పక్కటెముకల మీద వేసి కళ్లు మూసుకునేవారు. ఎముక చేతికి తెలియాలి, కంటికి కనిపించకూడదు. అదే ఆయన త్రాసు.

ఇందులో ఆయనకు తోడు ఖాసిం చిచ్చా. ఎడ్లకూ గుర్రాలకూ నాడాలు కొట్టడం ఆయన వృత్తి. టాంగాల అడ్డా పక్కనే ఆయన బండరాయి, సుత్తి, కొలిమి. ఆర్నెల్లకొకసారి మా ఇంటికి వచ్చి, మోతీ నాలుకను ఒక పక్కకు పట్టి, అరిగి మొనదేలిన దవడ పండ్లను ఆకురాయితో నునుపు చేసేవారు. అది తల విదిలిస్తే దానితో వాదించేవారు: “ఊకో ముసల్దానా! నీకు పండ్లున్నయ్ గనుక రాకుతున్న. నాకు అవ్వి గూడ లేవు.” నన్ను చూసి, “బి.ఏ. అయినంక చిచ్చాకు సలాం కొడతవా, లేకుంటె నేనే కొట్టాల్నా బేటీ?” అనేవారు.

ఆ ఏడు చలికాలం చివర బాపు బండి మీద నుంచి జారిపడ్డారు. తొడ ఎముక విరిగింది. కరీంనగర్ దవాఖానలో చేర్చారు. అవ్వ, అంటే మా అమ్మ, ఆయన దగ్గర ఉండిపోయింది. పరీక్షలకు మూడు నెలల ముందు సెలవులిచ్చారు కాబట్టి నేను ఇంటికి వచ్చాను. చెవులు వినపడని నాయనమ్మ, నేను, మోతీ. బండి తోలడం చిచ్చా తన మీద వేసుకున్నారు. మేత నా వంతు. మధ్యాహ్నం మేతను కూడా ఉదయమే తోబ్రాలో, అంటే గుర్రం మూతికి తగిలించే గోనె సంచిలో, నింపి ఆయనకు ఇవ్వాలి.

మొదటి వారం అన్నీ బాపు చెప్పినట్టే చేశాను. రెండో వారంలో ఒక ఉదయం ఆలస్యమైంది. ఉలవలు ఉడికాయి, దంచలేదు. అలాగే తొట్టిలో పోశాను. మోతీ మూతి పెట్టింది. తిన్నట్టే కనిపించింది. నాకు ఒక గంట మిగిలింది. ఆ గంటలో చరిత్ర పుస్తకంలో ఒక అధ్యాయం పూర్తి చేశాను. మరునాడు కూడా దంచలేదు. తరువాత గడ్డి కోయడం మానేశాను.

గుర్రం చెప్పగలిగిన విధంగా చెప్పింది. సగం నమిలి వదిలేసిన గడ్డి ముద్దలు తడితడిగా తొట్టి కింద పడి ఉండేవి. లద్దిలో ఉలవలు గింజలు గింజలుగానే వచ్చేవి. నేను చూశాను. ఈ మాట రెండోసారి రాయాలి. నేను చూశాను. చూసి, చిచ్చా వచ్చేలోగా ఊడ్చి ఎరువుగుంతలో పోశాను. సోమరితనమేనా అది? పరీక్ష తప్పితే బాపు కష్టం వృథా అవుతుందన్న భయమని నాకు నేను చెప్పుకున్నాను. భయమున్నవారు పొరపాటు చేస్తారు, నిజమే. కాని పొరపాటును చీపురుతో ఊడ్చి దాచిన దానికి భయం ఒక్కటే కారణమా? చదువుకుంటున్నదాన్ని, రోకలి పట్టడం నా స్థాయికి తక్కువన్న మాట లోపలెక్కడో లేదా? ఉంది.

చిచ్చా ఒకసారి అడిగారు, దంచుతున్నవా బేటీ అని. దంచుతున్నానన్నాను. ఆయన మరునాడు తన ఆకురాయి తెచ్చి, సమయం కాకపోయినా మోతీ పండ్లు రాకారు. అప్పటినుంచి రోజూ వాగు ఒడ్డు నుంచి లేత గడ్డి కోసి, మోపు తన భుజం మీదే మోసుకొచ్చేవారు. అయినా మోతీ చిక్కిపోయింది. తుంటి ఎముకలు పైకి లేచాయి.

రెండు నెలలు నిండకముందే బాపు ఇంటికి వచ్చారు. బస్సు దిగిన ఆయననూ అవ్వనూ మల్లయ్య అనే తోటి టాంగావాలా తీసుకొచ్చాడు. దారిలో అతను తాను చూసింది చెప్పాడు. వాకిట్లో మంచం వేసి బాపును కూర్చోబెట్టాం. చిచ్చా అప్పుడే మోతీని బండి నుంచి విప్పుతున్నారు. బాపు చాలాసేపు గుర్రాన్నే చూశారు.

“ఖాసిం భాయ్, గిది నా మోతేనా?”

“నీదే దానయ్యా. నేనేమన్న అంగట్ల మార్చి తెచ్చిన్నా?”

“నవ్వులాట కాదు. ఉలవల బస్తా అయిపోవట్టె, గుర్రం ఎండవట్టె. పగటిపూట తోబ్రాల కెల్లి ఉలవలు బయటకు తీస్తుంటివట. మల్లయ్య చూసిండు.”

చిచ్చా చేతిలోని పగ్గం ఆగింది. “తీసిన,” అన్నారు.

“తీసినవా?”

“తీసిన. లేదని ఎట్లంట?”

“ఏం జేసినవ్ మరి?”

చిచ్చా నావైపు చూశారు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు. రోజూ సాయంత్రం తోబ్రా అడుగున అంటుకుని వచ్చిన ఉలవల ముద్ద గుర్తొచ్చి, ఆయన ఉలవలు ఎందుకు బయటకు తీశారో ఆ క్షణంలో నాకు అర్థమైంది. నేను గింజలుగా పంపినవాటిని తన నాడాల బండ మీద పోసి, సుత్తితో నూరి, మళ్లీ తోబ్రాలో నింపి తినిపించారు. నేను మానేసిన పనిని ఆయన చేశారు. ఆ గుర్రం అప్పటికి ప్రాణంతో నిలబడి ఉందంటే ఆ మధ్యాహ్నపు మేత వల్లనే. మల్లయ్య చూసింది తీయడాన్ని. నూరడాన్ని చూడలేదు.

బాపు నావైపు తిరిగారు. “బిడ్డా, నువ్వు చెప్పు. తోబ్రా నిండ పోసే పంపినవా?”

“నిండ పోసే పంపిన బాపూ.”

ఇదే ఆ మాట. ఇందులో ఎక్కడా అబద్ధం లేదు.

“ఇరవై ఏండ్ల దోస్తానా భాయ్ మనది,” అన్నారు బాపు. “అడిగితె నా పళ్లెంల కెల్లి పెడుదును. నోరు లేనిదాని కడుపు కొడితివి.”

చిచ్చా పగ్గాన్ని మడిచి మేకుకు తగిలించారు. మోతీ మెడ మీద ఒకసారి చేయి వేశారు. “జర నిమ్మళంగుండు దానయ్యా. ఆవేశపడితె కాలు కట్టు ఊడుతది,” అన్నారు. వెళ్తూ వెళ్తూ రోటి దగ్గర ఆగారు. నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నారు:

“రోలు మీద దుమ్ము పేరుకున్నది బేటీ. జర కడుగు.”

నేను రోలు కడిగాను. మరునాటి నుంచి ఒక్కరోజు కూడా మానకుండా దంచాను. పుస్తకాన్ని ఎదురుగా గోడకు ఆనించి, రోకటి పోటుకొక వాక్యం చొప్పున చదివాను. ఆ పరీక్షలో నాకు వచ్చిన మార్కులన్నీ ఆ రోటి దగ్గర వచ్చినవే. మోతీ నెల తిరిగేసరికి కోలుకుంది. డొక్కలు నిండాయి, వెంట్రుకలు మెరిశాయి. నేను తప్పు దిద్దుకుంటున్నాననుకున్నాను. కాని ఒక రోజు బాపు, కర్ర ఊతంతో నడుస్తూ, దాని పక్కటెముకల మీద అరచేయి వేసి కళ్లు మూసుకుని అన్నారు: “చూసినవా బిడ్డా? ఆయన పోంగనే గుర్రం తేరుకున్నది.”

అంటే నేను దంచిన ప్రతి గింజా చిచ్చా మీద సాక్ష్యం చెప్పింది. మోతీ ఎంత నిండితే ఆయన నేరం అంత రుజువైంది. దంచడం మానలేకపోయాను. నోరు విప్పలేదు. ఈ రెంటి మధ్య నా బి.ఏ. పూర్తయింది.

అడ్డా వాళ్లు నాడాలకు వేరే మనిషిని చూసుకున్నారు. చిచ్చా కొలిమి చల్లారింది. ఆయన బెల్లంపల్లిలో బొగ్గుగనిలో పనిచేసే కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. నేను పాసైన కబురు ఆయనకు ఎలా చేరిందో తెలియదు. అటునుంచి వచ్చిన ఒక బస్సు డ్రైవరు గుడ్డలో చుట్టిన ఒక వస్తువు మా ఇంట్లో ఇచ్చి వెళ్లాడు. విప్పితే ఆకురాయి. ఆర్నెల్లకొకసారి రాకడం మరవొద్దని చెప్పి పంపారట. బాపు దాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. “ఏమనుకున్నా పనితనమున్నోడు,” అన్నారు. ఆనాడైనా చెప్పి ఉండవచ్చు. ఆయన కంట్లో తడి చూసి ఆగిపోయాను. ఎవరిని కాపాడాలని ఆగాను? ఆయననా? నన్నా?

మోతీ ఆ తరువాత నాలుగేళ్లు బతికింది, చివరి రోజు దాకా ఎముక కనిపించకుండా. బాపు కూడా పోయారు, తన స్నేహితుడు తనను మోసం చేశాడన్న నమ్మకంతోనే. నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల క్రితం ధైర్యం తెచ్చుకుని బెల్లంపల్లి వెళ్లాను. ఏడాది ఆలస్యంగా వెళ్లానని గుమ్మంలోనే తెలిసింది. చిచ్చా కోడలు చాయ్ ఇచ్చి, “మా మామ రోజు మీ ముచ్చటే తీసెటోడు. మెట్‌పల్లిల మా బేటీ బి.ఏ. చదివింది అని గల్లీ అంత చెప్పిండు,” అంది. ఆ చాయ్ తాగాను. ఆమెకూ చెప్పలేకపోయాను.

నాకు చదువు చెప్పినవారు చాలామంది ఉన్నారు; వారందరి పేర్లూ గౌరవంగా చెప్పుకుంటాను. నా చదువు చెడకుండా తన పరువును నాకు అడ్డుగా పెట్టి మౌనంగా వెళ్లిపోయినవారు ఒక్కరే. ఆయనకు నేను కృతజ్ఞురాలిని. ఆ మాట ఆయన బతికుండగా ఆయనతో అనని కృతజ్ఞురాలిని. ఇక్కడ కూడా నా పేరు దాచుకుంటున్నాను. అది నాలో ఇంకా మిగిలిన పిరికితనం. ఆయన పేరు మాత్రం దాచను.

మెట్‌పల్లి అడ్డాలో నాడాలు కొట్టిన ఖాసిం, దానయ్య గుర్రం ఉలవలు ఒక్క గింజ కూడా దొంగిలించలేదు. దంచనిదాన్ని నేను.

రాశాను. ఆకురాయి నా బల్ల మీదే ఉంది. చిచ్చా, సలాం.