పిన్ని కుదిర్చిన ఆఖరి సంబంధం

పిన్ని పోయిందన్న కబురు నాకు వార్డులో డ్యూటీలో ఉండగా తెలిసింది. ఒకప్పుడు కువైట్లో, ఫర్వానియాలో నాతో ఒకే ఫ్లాట్లో ఉన్న నర్సు ఫోన్ చేసి, "అక్కా, పిన్ని ఇక లేదు. పొద్దున్నే టీ పెడతా కూలబడిపోయిందంట. వాళ్ళ యజమానురాలు, ఆ మామాయే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఫలితం లేకపోయింది" అంది. నేను మందుల ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏమైందని ఇక్కడి ఐర్లండు నర్సులు అడిగితే "మా ఆంటీ" అన్నాను.

రక్తసంబంధం ఏమీ లేదు. కువైట్లో ఉన్న మా గోదావరి ఆడపిల్లలందరికీ ఆవిడ పిన్నే. కోనసీమ మనిషి. తొంభైల మొదట్లో, యుద్ధం ముగిసి మనవాళ్ళు మళ్ళీ ఆ దేశానికి వెళ్తున్న రోజుల్లో, సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. చివరిదాకా అదే ఇల్లు, అదే వంటగది. పెళ్ళైన నాలుగేళ్ళకే మొగుడు వదిలేసిపోయాడు. పిల్లల్లేరు. ఊళ్ళో ఉన్నదల్లా ఒక తమ్ముడు.

వారానికి ఒక్క శుక్రవారం సెలవు. ఉదయం చర్చి, ఆ తర్వాత బస్సెక్కి ఫర్వానియాలో మా నర్సుల ఫ్లాటు. తలుపు తీసేసరికి చేతిలో జుబేదీ చేపల సంచీ, మొహం నిండా చెమట, నోటి నిండా తిట్లు. "ఏంటే ఈ ఇల్లు? నలుగురు నర్సులున్నారు, ఒక్కదానికీ గిన్నె తోమే ఓపిక లేదా? రోగుల్ని కూడా ఇలాగే చూత్తున్నారా?" అని అరిచేది. ఆ నోటితోనే పులుసు పెట్టి, చివరి ముక్క ఎవరికీ దక్కకుండా నాకు దాచేది. చచ్చేంత ఇష్టం నాకు ఆ పులుసంటే.

పిన్ని అసలు పని సంబంధాలు కుదర్చడం. గల్ఫ్ పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అబ్బాయికి దొరికేది నలభై రోజుల సెలవు. అందులోనే చూపులు, పెళ్ళి, విందులు, తిరుగు విమానం. కాబట్టి అక్కడ ఉండగానే సగం పెళ్ళి అయిపోవాలి. ఫొటోలన్నీ పిన్ని సంచీలో ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. అబ్బాయికి వీసా ఇచ్చిన కఫీల్ మంచివాడా, జీతం వేళకి వస్తోందా, తాగుతాడా, అన్నీ ఆరా తీసేది. కానీ మాట ఇచ్చే ముందు పిల్లని ఒంటరిగా వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసేది. "నీకు ఇష్టమేనా? భయపడకు. ఇష్టం లేదంటే నేనే తప్పించేత్తాను, నీ పేరు బయటికి రానివ్వను" అనేది. ఎందుకు పిన్నీ ఇంత పట్టింపు అంటే, "నన్నెవరూ అడగలేదమ్మా" అనేది. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

2009లో ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చిన వారం మా ఫ్లాట్లో టీవీ ముందు పెద్ద గోల. ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో ఇష్టపడి కలిసి ఉంటే అది నేరం కాదని ఆ తీర్పు. "ఛీ ఛీ, కోర్టులకి కూడా పనిలేదు" అంది ఒకమ్మాయి. "లోకం పాడైపోయింది" అని పిన్ని లేచి వంటింట్లోకి పోయింది. సోఫాలో ఒక చివర నేను, రెండో చివర మా గుంటూరమ్మాయి. ఇద్దరం టీవీ వంకే చూస్తూ కూర్చున్నాం. తను నా రూమ్మేట్, నాతో పాటే నర్సు. అప్పటికి ఆరేళ్ళుగా మేం ఒకరికొకరం. ఆ సంగతి గోడలకి తప్ప ఎవరికీ తెలీదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది, అక్కడ ఉండనిచ్చే ఇఖామా పోతుంది, మర్నాడే విమానం ఎక్కించేస్తారు. రోజూ ఆ భయంతోనే బతికాం.

సరిగ్గా ఆ నెలలోనే పిన్ని ఒక శుక్రవారం సంతోషంగా ఊగిపోతూ వచ్చింది. "ఒసే అమ్మాయ్, నీకు కుదిరిపోయింది! మంగఫ్‌లో ఫిట్టరు. బంగారం లాంటి కుర్రోడు. డిసెంబర్లో సెలవు. మాటిచ్చేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊళ్ళో పిల్లలందర్నీ తలుపేసి అడుగుతావు కదా! నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు నా పిల్లవే కదే, నిన్ను అడిగేదేంటి?"

ఇన్నేళ్ళలో పిన్ని తన పద్ధతి తప్పింది ఆ ఒక్కసారే. నన్ను అంత సొంతం అనుకుంది మరి. కోపంలో నేనూ నోరు జారాను. ఉల్లిపాయలు తరుగుతున్న గుంటూరమ్మాయిని చూపించి, "నేను ఉంటే దానితోనే ఉంటాను పిన్నీ. స్నేహితురాలిగా కాదు. మొగుడూ పెళ్ళాల్లాగా" అనేశాను.

పిన్ని నా మొహం చూసింది. దాని మొహం చూసింది. పొయ్యి మీద పులుసు పొయ్యి మీదే ఉంది. సంచీ తీసుకుని "ఖలాస్" అని వెళ్ళిపోయింది.

నాలుగు నెలలు రాలేదు. చర్చిలో మమ్మల్ని చూసి వేరే వరుసలో కూర్చునేది. ఎవరితో అంటుందో, ఎప్పుడు తలుపు కొడతారో అని మేం రెండు పెట్టెలు సర్దిపెట్టుకున్నాం. ఎవరూ రాలేదు. చాలా రోజులకి తెలిసింది, పిన్ని మంగఫ్ వెళ్ళి ఆ ఫిట్టరుకి చేతులు జోడించిందని. "తప్పు నాది బాబూ. పిల్లని అడక్కుండా మాటిచ్చాను" అందట. ఇన్నేళ్ళుగా సంపాదించుకున్న మాట పరువు నా కోసం పోగొట్టుకుంది. అతని మనుషులు ఆ తర్వాత ఒక్క సంబంధానికీ పిన్నిని పిలవలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఐదో నెల చేపల సంచీతో వచ్చింది. నన్ను వంటింట్లోకి లాగి తలుపేసింది.

"అప్పుడు అడగాల్సింది అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నీకు ఇష్టమేనా అది?"

"ఇష్టమే పిన్నీ."

"ఏడిపించదు కదా?"

"నేనే దాన్ని ఎక్కువ ఏడిపిస్తాను."

"అది నాకు తెలుసులే" అని నిట్టూర్చింది. "నాకేం అర్థం కాలేదమ్మా. నాలుగు నెల్లు ప్రార్థన చేశాను. ఆయనా ఏం చెప్పలేదు. మీ మీద కోపం ఉంటే ఏదో ఒకటి అనేవోడు కదా?" అని చేపలు కడగడం మొదలెట్టింది. నేను ఆవిడ వీపుకి మొహం ఆనించి ఏడ్చాను. "సర్లే, కాళ్ళకి అడ్డం రాకు" అని కసిరింది.

అప్పట్నుంచి కోర్టు వార్తలు మా కన్నా ముందు పిన్నికే కావాలి. 2013లో సుప్రీంకోర్టు పాత తీర్పు కొట్టేసి, మళ్ళీ నేరమే అన్నప్పుడు ఫోన్ చేసి పావుగంట తిట్టింది. "ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటారా? చిన్నపిల్లలకి కూడా అలా చెయ్యకూడదే!" అప్పటికి మా గుంటూరమ్మాయి ఐర్లండులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. నేను కువైట్లోనే ఉండిపోయాను. ఇంగ్లీషు పరీక్ష తప్పానని అందరికీ చెప్పాను. నిజానికి ఆ పరీక్ష రాయనే లేదు. దాని వెనకే వెళ్తే ఊళ్ళో ఏమంటారో అని భయం.

2015లో అది ఫోన్ చేసింది. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. "ఇక్కడ జనం ఓట్లేశారే! మనలాంటివాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చని. రా, చేసుకుందాం." నేను నసిగాను. నలభై దగ్గర పడ్డాక పెళ్ళేంటి, జనం నవ్వరా అన్నాను. అది మర్నాడు పిన్నికి ఫోన్ చేసి నా మీద చాడీలు చెప్పింది.

ఆ శుక్రవారం పిన్ని వచ్చి స్పీకర్ పెట్టించింది. అబ్బాయి వైపు వాళ్ళని అడిగినట్టు దాన్ని కూర్చోబెట్టి ఆరా తీసింది.

"ఉద్యోగం పర్మినెంటేనా?"

"పర్మినెంటే పిన్నీ."

"ఇల్లు?"

"అద్దెదే. రెండు గదులు."

"చలి అంట కదా. దీనికి దగ్గు ఉంది. కంబళ్ళు ఉన్నాయా?"

"కొంటాను పిన్నీ."

"ఓట్లేసింది కుర్రోళ్ళేనా? ముసలాళ్ళు కూడానా?"

"ముసలమ్మలు కూడా కర్రలు పట్టుకొచ్చి వేశారు పిన్నీ. నా వార్డులో ఒకావిడ చెప్పింది."

పిన్ని నా వైపు తిరిగింది. "ముక్కూ మొహం తెలీని ముసలమ్మలు నీ పెళ్ళి కోసం వచ్చి ఓటేశారు. నువ్వేమో భయపడి ఇక్కడ కూర్చుంటావా? సిగ్గులేదూ? యల్లా, పరీక్ష రాయి." రాశాను. మరుసటి ఏడాది ఐర్లండు వచ్చేశాను. రిజిస్ట్రారు ముందు సంతకాలు చేస్తుంటే పిన్ని తన మామా ఇంటి వంటగదిలోంచి వీడియోలో చూసింది. చిన్న తెరలో ముక్కు ఒక్కటే కనపడుతోంది. "అక్షింతలు వేయలేకపోతున్నానే" అని ఒకటే గోల.

2018లో మన సుప్రీంకోర్టు ఇక నేరం కాదని చెప్పిన రోజు కూడా ఫోన్ చేసింది. "మరి ఊరొత్తే మీ పెళ్ళి చెల్లుద్దా?" అంది. లేదు పిన్నీ, పెళ్ళికి ఇంకా చట్టం లేదన్నాను. "సగం ఉడికించి పొయ్యి ఆపేశారన్నమాట" అని విసుక్కుంది. ఆ మాట తలుచుకుని మేం ఎన్నాళ్ళో నవ్వుకున్నాం.

పిన్ని భౌతికకాయాన్ని ఊరికి పంపించారు. మాకు సెలవు దొరకలేదు. నిన్న పిన్ని తమ్ముడు ఫోన్ చేశాడు. ఎప్పుడూ మాట్లాడింది లేదు, గొంతు అచ్చం పిన్నిదే. జ్ఞాపకార్థ కూడిక కార్డు అచ్చు వేయిస్తున్నారట. మన కార్డుల మీద కింద కూతుళ్ళు, అల్లుళ్ళు అని పేర్లు వేస్తారు కదా. పిల్లల్లేని పిన్ని కార్డు మీద ఆ చోటు ఖాళీగానే ఉంటుందనుకున్నాను.

"అక్క పోయినేడు సెలవుకొచ్చినప్పుడే చెప్పిందమ్మా" అన్నాడాయన. "మీ ఇద్దరి పేర్లూ ఒకే వరసలో వెయ్యమంది. ప్రెస్సు కుర్రోడు చూసి, బాబాయ్, రెండూ ఆడపేర్లే ఉన్నాయి, అల్లుడి పేరు తప్పు పడిందేమో అన్నాడు. తప్పేం లేదు, మా పిల్లలే, అలాగే కొట్టు అన్నాను. మీ ఇంటిపేర్లు సరిగ్గా చెప్పండమ్మా, రాసుకుంటాను."